నాలుక మీద తెల్లమచ్చ

జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ముందుగా అనే మాట "ఏదీ, నోరు తెరువు, నాలుక చాపు" అని. నొప్పి కడుపులో ఉంటే నాలుకతో ఏం పని అని మీకు ఎప్పుడో ఒకప్పుడు అనుమానం వచ్చే ఉంటుంది.

సంగతేమంటే, మన శరీరం లోపల ఏం జరుగుతున్నదో చూడటం అంత తేలిక కాదు. ఊపిరితిత్తులను చూడాలంటే ఎక్స్‌రే తీయాలి. జీర్ణాశయంలోకి చూడాలంటే గొట్టం దింపాలి. రక్తం సంగతి తెలియాలంటే సూది గుచ్చాలి. నోరు అలాకాదు. ఒక టార్చిలైటు ఉంటే చాలు, తలుపు తెరిచి లోపలికి చూడవచ్చు. పైగా అది ఊరి పొలిమేర లాంటిది. తిండీ, నీళ్లూ, వాటితోపాటు లెక్కలేనన్ని సూక్ష్మజీవులూ అక్కడి నుంచే లోపలికి వస్తాయి. అంచేత శరీరం అక్కడ గట్టి కాపలా పెట్టుకుంటుంది. ఆ కాపలా సడలినప్పుడు సంగతి ముందుగా బయటపడేది కూడా తరచు అక్కడే.

ఈ విషయం డాక్టర్లందరికీ బాగా తెలిసివచ్చింది ఎయిడ్స్ జబ్బు వల్ల.

1981 జూన్ 5న అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం వారు తమ వారపత్రికలో ఒక చిన్న నివేదిక అచ్చువేశారు. లాస్ ఏంజెలెస్ నగరంలో అయిదుగురు యువకులకు ఒక అరుదైన న్యుమోనియా వచ్చింది. ఆ న్యుమోనియా ఆరోగ్యవంతులకు రాదు. రక్షణశక్తి బాగా దెబ్బతిన్నవారికే వస్తుంది. ఈ అయిదుగురూ అంతకుముందు చక్కగా ఆరోగ్యంగా ఉన్నవారు. నివేదిక వెలువడేనాటికే ఇద్దరు చనిపోయారు. అందులో మరొక విషయం కూడా ఉంది. అయిదుగురికీ కాండిడా అనే శిలీంధ్రం పట్టింది. వారిలో మొదటి రోగికి అది నోట్లోనే తెల్లగా పేరుకొని ఉంది.

ఎయిడ్స్ గురించి ప్రపంచంలో అచ్చయిన మొట్టమొదటి నివేదిక అదే. దానికి అప్పటికి పేరు లేదు. కారణం తెలియదు. పరీక్ష లేదు. కాని నోట్లోని తెల్లమచ్చ మాత్రం అప్పుడే సాక్ష్యం చెప్పింది. దాని కారణమైన వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లుక్ మోంటాన్యే అనే శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి కనిపెట్టారు. అందుకు వాళ్లిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైరస్ పేరే హెచ్‌ఐవి. మన దేశంలో అది ఉన్నదని 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల బయటపెట్టారు.

ఇంతకూ ఆ తెల్లమచ్చ ఎక్కడి నుంచి వచ్చింది? బయటి నుంచి వచ్చిందనుకుంటే పొరపాటే.

నోట్లో కాపురస్థులు

1683లో హాలెండుకు చెందిన లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తన పళ్ల మధ్య ఉన్న పాచిని గీకి, తానే తయారుచేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అందులో చిన్న చిన్న ప్రాణులు ఈదుతూ, గింగిరాలు తిరుగుతూ కనిపించాయి. తన దేశంలో ఉన్న మొత్తం జనం కన్నా తన నోట్లో ఉన్న ప్రాణులే ఎక్కువని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన రోజూ పళ్లు తోముకునే మనిషే!

లీవెన్‌హుక్ నోట్లోనే కాదు, మీ నోట్లోనూ, నా నోట్లోనూ కూడా అలాంటి కాపురస్థులున్నారు. మనుషుల నోళ్లలో కనిపించే బాక్టీరియాలలో సుమారు 700 జాతులున్నాయని ఇప్పటి అంచనా. ఇవిగాక చాలామంది నోళ్లలో కాండిడా అనే శిలీంధ్రం కూడా ఉంటుంది. కల్లు పొంగటానికీ, రొట్టెపిండి ఉబ్బటానికీ కారణమైన ఈస్టుకు ఇది దూరపు చుట్టం. దీని పూర్తి పేరు కాండిడా ఆల్బికాన్స్. లాటిన్ భాషలో మొదటి మాటకు తెలుపు అని అర్థం, రెండో మాటకు తెల్లబడేది అని అర్థం. పేరు పెట్టినవారికి ఒకసారి తెలుపంటే తృప్తి కలగలేదు కాబోలు.

మామూలుగా కాండిడా గుండ్రని కణాల రూపంలో, తక్కువ సంఖ్యలో, ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంది. బాక్టీరియాలు దానికి చోటివ్వవు. లాలాజలం దాన్ని కడిగేస్తూ ఉంటుంది. నోటి పొరలో ఉన్న రక్షకకణాలు దాన్ని ఒక కంట కనిపెట్టి ఉంటాయి. ఏడాదుల తరబడి, ఎందరికో జీవితమంతా, ఈ కాపురం ఇలాగే సాగిపోతుంది.

దండోరా ఆగిపోతే

మన రక్తంలోని తెల్లకణాలలో చాలా రకాలున్నాయి. కొన్ని సూక్ష్మజీవులను మింగేస్తాయి. కొన్ని వాటి మీదికి రసాయనాలను వదులుతాయి. కొన్ని మాత్రం స్వయంగా పోట్లాడవు. "ఫలానా చోట శత్రువు ఉన్నాడు, రండి" అని మిగతా కణాలకు కబురు పెడతాయి. పూర్వం పల్లెల్లో దండోరా వేసి ఊరివారిని పోగుచేసేవారు చూడండి, అలాగన్నమాట. వీటిని సహాయకణాలంటారు. వీటి ఒంటి మీద సి.డి.4 అనే ప్రోటీను ఉంటుంది గనక సి.డి.4 కణాలని కూడా పిలుస్తారు. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు సుమారు 500 నుంచి 1,500 దాకా ఇవి ఉంటాయి.

హెచ్‌ఐవి చేసే దుర్మార్గమేమంటే, మిగతా కణాలను చాలావరకు వదిలి, సరిగ్గా ఈ దండోరా వేసే కణాల్లోనే దూరుతుంది. ఆ సి.డి.4 ప్రోటీనునే గొళ్లెంలా పట్టుకుని లోపలికి పోతుంది. మందు వాడకపోతే ఈ కణాలు ఏటేటా తగ్గిపోతాయి. 200 కన్నా తగ్గితే ఎయిడ్స్ దశ వచ్చిందంటారు. అప్పటికి పోరాడే కణాలు ఇంకా ఉన్నా వాటికి కబురు చెప్పే దిక్కుండదు.

నోటి పొరలో కాండిడాను అదుపులో పెట్టే పని ముఖ్యంగా ఒక తరహా సహాయకణాలది. అవి కబురు పంపితేనే మింగే కణాలు అక్కడికి చేరుతాయి. హెచ్‌ఐవి సోకినవారిలో ఆ తరహా కణాలు బాగా నశిస్తాయి. ఇక కాండిడాకు అడ్డేముంది? గుండ్రంగా ఉన్న కణాలు దారప్పోగుల్లాగా సాగి నోటి పొరలోకి చొచ్చుకుపోతాయి. అదే కాపురస్థుడు, అదే ఇల్లు. మారింది కాపలా ఒక్కటే.

అప్పుడు నాలుక మీదా, బుగ్గల లోపలా, అంగిటి మీదా పాలు విరిగినట్లు తెల్లని పొర ఏర్పడుతుంది. దాన్ని గాజుగుడ్డతో తుడిస్తే ఊడివస్తుంది. కింద ఎర్రగా, పచ్చిపుండులాగా ఉంటుంది. ఒక్కోసారి తెల్లపొర లేకుండా నాలుక నున్నగా ఎర్రబడి మండుతుంది. పెదవుల మూలలు పగిలి, నోరు తెరవటమే కష్టమవుతుంది. కారం తగిలితే ప్రాణం పోయినట్లుంటుంది. పచ్చడి, పులుసు లేకుండా ముద్ద దిగని మన ఇళ్లలో అదెంత బాధో మీరే ఊహించుకోండి. శిలీంధ్రం గొంతు దాటి అన్నవాహికలోకి దిగితే మజ్జిగన్నం కూడా మింగలేరు. మనిషి చిక్కిపోతాడు. చిక్కిన కొద్దీ రక్షణశక్తి ఇంకా తగ్గుతుంది. మాత్రలు మింగలేక మానేస్తే మరీ ప్రమాదం. నోటి జబ్బే కదా అని తీసిపారేయటానికి వీల్లేనిది ఇందుకే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఎవరి నాలుకనో చూసి "వీడికి హెచ్‌ఐవి ఉంది" అని ఊహించటం శుద్ధ తప్పు. నెలల పాపలకు కాండిడా పట్టటం చాలా మామూలు. చక్కెర జబ్బు అదుపులో లేనివారికి పడుతుంది. ఎక్కువ రోజులు యాంటీబయాటిక్ మందులు వాడితే బాక్టీరియాలు చచ్చి, ఖాళీ అయిన చోట్లో కాండిడా పెరుగుతుంది. ఉబ్బసానికి మందు పీల్చేవారు నోరు కడుక్కోకపోతే రావచ్చు. కట్టుడుపళ్లు రాత్రిపూట తీయని తాతయ్యలకూ వస్తుంది. పెదవుల మూలలు పగలటం విటమిన్ల కొరత వల్ల కూడా జరుగుతుంది. తెల్లమచ్చ చెప్పేది "కాపలా ఎక్కడో సడలింది, చూడండి" అన్నంతవరకే. ఎందుకు సడలిందో తేల్చేది రక్తపరీక్ష. దాన్ని చేయించేది డాక్టరు.

పోస్టులో తిరిగిన మట్టి

కాండిడాకు మందు ఎలా దొరికిందో చెప్పకుండా ముందుకు పోవటం నాకు ఇష్టం లేదు. 1940ల చివరి నాటికి బాక్టీరియాలను చంపే పెన్సిలిన్ వంటి మందులు వచ్చాయి కాని, శిలీంధ్రాలను చంపి మనిషికి హాని చేయని మందు లేదు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్ అనే ఆవిడ సూక్ష్మజీవుల నిపుణురాలు. రేచెల్ బ్రౌన్ రసాయన శాస్త్రజ్ఞురాలు. ఒకరిది న్యూయార్క్ నగరం, రెండోవారిది రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆల్బనీ. హేజెన్ రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచి, ఏది కాండిడాను చంపుతున్నదో చూసేది. చంపేదాన్ని గాజు జాడీలో పెట్టి పోస్టులో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోంచి అసలు మందును వేరుచేసి మళ్లీ పోస్టులో తిప్పి పంపేది. చాలా వాటిలో శిలీంధ్రంతో పాటు ప్రయోగశాలలోని ఎలుకలూ చచ్చేవి.

చివరకు వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పశువుల క్షేత్రం నుంచి తెచ్చిన మట్టిలో పని చేసేది దొరికింది. 1950లో వారు దాన్ని ప్రకటించి, తమ రాష్ట్రం పేరు మీద నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దాని మీద వచ్చిన కోటి డాలర్లకు పైబడిన రాయల్టీ సొమ్మును ఇద్దరూ తమకోసం ఉంచుకోకుండా శాస్త్ర పరిశోధనలకే వదిలేశారు. 1966లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు, తడిసి బూజుపట్టిన కళాఖండాలను కాపాడటానికి కూడా నిస్టాటిన్ వాడారు.

ఈనాటికీ కాండిడా పట్టిన నోటికి నిస్టాటిన్ మందునీళ్లు ఇస్తారు. ముదిరితే ఫ్లూకొనజోల్ మాత్రలిస్తారు. అయితే తగ్గినట్లు కనిపించగానే మందు ఆపేయటం, మళ్లీ రాగానే మళ్లీ కొనుక్కొని మింగటం మంచిది కాదు. అలా చేస్తే మందుకు లొంగని కాండిడా తయారవుతుంది.

తుడిచినా పోని తెలుపు

1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబొరా గ్రీన్‌స్పాన్, జాన్ గ్రీన్‌స్పాన్ అనే దంపతులు తమ సహచరులతో కలిసి మరొక తెల్లమచ్చను గురించి రాశారు. ఇది నాలుక పక్క అంచుల మీద నిలువు గీతలుగా, రేకుల పైకప్పులాగా మడతలు పడి ఉంటుంది. పైన సన్నని వెంట్రుకలు మొలిచినట్లు కనిపిస్తుంది. కాండిడాకూ దీనికీ తేడా తెలుసుకోవటం తేలిక. కాండిడా తుడిస్తే పోతుంది, ఇది పోదు. నొప్పి కూడా ఉండదు.

దీనికి కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని తరువాత తేలింది. ఇదీ పాత కాపురస్థుడే సుమా! పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా శరీరాల్లో ఈ వైరస్ నిద్రపోతూ ఉంటుంది. కాపలా ఉన్నంతకాలం దాని ఉనికే మనకు తెలియదు. కాపలా సడలగానే నాలుక అంచున లేచి కూర్చుంటుంది. హెచ్‌ఐవికి రక్తపరీక్ష వాడకంలోకి వచ్చింది 1985లో. అంతకు ముందు సంవత్సరం ఈ గీతలే డాక్టర్లకు పరీక్ష ఫలితంలాగా పనికివచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవి జబ్బును నాలుగు దశలుగా విభజించింది. రెండో దశ గుర్తుల్లో పెదవుల మూలలు పగలటం, నోట్లో మాటిమాటికీ పుండ్లు పడటం ఉన్నాయి. వదలకుండా ఉండే నోటి కాండిడా, ఈ గీతల తెలుపు మూడో దశకు గుర్తులు. యంత్రాలు లేని పల్లెటూరి ఆస్పత్రిలో కూడా టార్చిలైటుతో చూసి డాక్టరు కొంత అంచనా వేయగలడన్నమాట.

చిగుళ్ల సంగతీ ఇంతే. కొందరికి పళ్ల మొదళ్ల వెంబడి ఎర్రని గీత గీసినట్లు చిగురు వాస్తుంది. మరికొందరికి చిగుళ్లు నల్లబడి కుళ్లి, భరించలేని నొప్పి, దుర్వాసన వస్తాయి. త్వరగా వైద్యం చేయకపోతే పళ్లను పట్టివుంచే ఎముకే కరిగిపోతుంది. ఈ రెండో జబ్బు హెచ్‌ఐవితో పుట్టినది కాదు. 1914-18 యుద్ధంలో నెలల తరబడి కందకాల్లో తిండీ నిద్రా లేక, పళ్లు తోముకోక, భయంతో గడిపిన సైనికులకు ఇది విపరీతంగా వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దానికి కందకాల నోరు అనే పేరే పెట్టారు. రక్షణశక్తిని దెబ్బతీసేది యుద్ధమయినా, వైరస్ అయినా నోట్లోని బాక్టీరియాలకు ఒకటే.

ఇవిగాక అంగిటి మీద ఊదారంగు మచ్చలుగా కనిపించే కపోసి కంతి ఒకటి ఉంది. అది ఒకరకం కాన్సరు. దానికి కారణమైన వైరస్‌ను 1994లో కనుగొన్నారు.

ఎండిపోయిన నోరు

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. శుభ్రమైన గుడ్డతో నాలుకను పొడిగా తుడుచుకోండి. వెంటనే నాలుక మీద నాలుగు పంచదార పలుకులు వేసుకొని, నోరు తెరిచే ఉంచండి. తీపి తెలియదు! నోరు మూసి, లాలాజలం ఊరి పలుకులు కరిగిన తరువాతే తెలుస్తుంది. మనకు రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది లేకపోతే రుచి లేదు, నమలటం లేదు, మింగటం లేదు. అంతేకాదు, తిన్న తరువాత పళ్ల సందుల్లో బాక్టీరియాలు తయారుచేసే ఆమ్లాన్ని విరిచేది అదే. పంటి పింగాణీ కోల్పోయిన ఖనిజాలను తిరిగి అందించేది కూడా అదే.

హెచ్‌ఐవి ఉన్న కొందరికి లాలాజల గ్రంథులు ఉబ్బి, నోరు ఎండిపోతుంది. కొన్ని మందుల వల్ల కూడా ఎండుతుంది. పిల్లల్లో చెవి ముందున్న గ్రంథి వాచి గవదబిళ్లల్లాగా కనిపిస్తుంది. అయితే గవదబిళ్లలు నొప్పిచేసి వారం పది రోజుల్లో పోతాయి. ఇది నొప్పి లేకుండా నెలల తరబడి ఉంటుంది.

నోరు ఎండితే పళ్లు త్వరత్వరగా పుచ్చిపోతాయి. దీనికి తోడు చిన్నపిల్లలకు ఇచ్చే మందులు చాలావాటిని చేదు తెలియకుండా పంచదార పాకంలో కలిపి ఇస్తారు. రోజూ పొద్దున, రాత్రి, ఏళ్ల తరబడి తీపి సిరప్పు! అందులోనూ రాత్రి నిద్రపోయేముందు తాగి, నోరు కడుక్కోకుండా పడుకుంటే, నిద్రలో లాలాజలం ఇంకా తక్కువ ఊరుతుంది గనక, బాక్టీరియాలకు పండుగే. ప్రాణం నిలిపే మందు పన్ను తీయటం విచిత్రమే గాని, అందుకని మందు మానకూడదు. మందు తాగగానే నీళ్లతో పుక్కిలిస్తే సరిపోయేదానికి పన్ను పోగొట్టుకోవటం ఎందుకు? ఇటీవల కొన్ని మందులు నీటిలో కరిగే మాత్రలుగా కూడా వచ్చాయి.

మందులు వచ్చాక

హెచ్‌ఐవికి మొదటి మందు 1987లో వచ్చింది. ఒక్క మందుతో వైరస్ లొంగలేదు. 1996 ప్రాంతంలో మూడేసి మందులు కలిపి వాడటం మొదలుపెట్టాక కథ మారిపోయింది. వైరస్ పెరగటం ఆగిపోయి, సి.డి.4 కణాలు తిరిగి పుట్టుకొస్తాయి. దండోరా మళ్లీ మోగుతుంది. చిత్రమేమంటే, చాలామందిలో నోట్లో మచ్చలు వాటంతట అవే మాయమవుతాయి. కాండిడాను ఎవరూ నోట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టలేదు. అది తిరిగి బుద్ధిగా కూర్చున్నది, అంతే. ఒకప్పుడు హెచ్‌ఐవి ఆస్పత్రుల్లో ఎటు చూసినా కనిపించిన తెల్లని నాలుకలు ఈ మందులతో బాగా తగ్గిపోయాయి. తగ్గినవాడికి మళ్లీ తెల్లమచ్చ కనిపిస్తే, మందులు సరిగా వేసుకోవటం లేదేమో, లేక మందు పనిచేయటం లేదేమో అని డాక్టరు అనుమానిస్తాడు. పిప్పిపళ్లు, చిగుళ్ల జబ్బు, నోరెండటం మాత్రం మందులతో తగ్గిపోలేదు. వాటి సంగతి విడిగా చూసుకోవలసిందే.

మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇవ్వటం ప్రారంభించింది. హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలుగా గుర్తించి ముందు మొదలుపెట్టిన ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట్లో కణాలు బాగా తగ్గినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి హెచ్‌ఐవి ఉన్నదని తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. ఈ మందులు జబ్బును అణిచి ఉంచుతాయి గాని పూర్తిగా పోగొట్టవు. అంచేత జీవితాంతం రోజూ వేసుకోవాలి. అలా వేసుకునేవాళ్లు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, ముసలివాళ్లవుతున్నారు.

ఎంగిలితో అంటుతుందా?

నోట్లో ఇన్ని జబ్బులుంటే, వాళ్లు తాగిన గ్లాసులో తాగితే మనకు అంటుకోదా అని మీరు అడగవచ్చు. అంటుకోదు. హెచ్‌ఐవి రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూదులు మరొకరికి వాడటం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి గర్భంలోనో కాన్పులోనో చనుపాల ద్వారానో బిడ్డకు సోకుతుంది. లాలాజలంలో ఈ వైరస్ ఉన్నా అతి తక్కువ. పైగా లాలాజలంలోని కొన్ని ప్రోటీన్లు దాన్ని పనిచేయనివ్వవు. లాలాజలంలో ఉప్పు రక్తంలో కన్నా చాలా తక్కువ. అంచేత వైరస్‌ను మోసుకొచ్చే కణాలు అందులో నీరు పీల్చుకొని ఉబ్బి పగిలిపోతాయి. ఒక కంచంలో తిన్నా, ఒక గ్లాసుతో తాగినా, మీరంతా చేసే కాకిఎంగిలి చేసి జామకాయ పంచుకున్నా హెచ్‌ఐవి రాదు. కాండిడా మాటేమిటంటారా? అది చాలామంది నోళ్లలో ఇదివరకే ఉన్నదాయె!

పళ్లు తోముకునే బ్రష్షు మాత్రం ఎవరిది వారిదే. ఇది హెచ్‌ఐవి ఉన్నవారికనే కాదు, అందరికీ వర్తిస్తుంది. తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి ఒక్కోసారి రక్తం వస్తుంది గనక.

అదేవిధంగా పళ్లడాక్టరు దగ్గర కూడా రక్తం వస్తుంది. ఈ సంగతి వల్లనే ఎయిడ్స్ వచ్చిన కొత్తలో కొందరు డాక్టర్లు రోగులను చూడటానికి భయపడ్డారు. కాని ఆలోచించి చూడండి. కుర్చీలో కూర్చున్న మనిషికి హెచ్‌ఐవి ఉన్నదీ లేనిదీ మొహం చూస్తే తెలియదు. ఎంతోమందికి తమకున్నదని తమకే తెలియదు. మరి డాక్టరు ఏం చేయాలి? ప్రతి ఒక్కరి రక్తంలోనూ ఏదో ఉన్నదనే అనుకుని, ప్రతి ఒక్కరికీ కొత్త చేతితొడుగులు వేసుకోవాలి. ప్రతి ఒక్కరికీ పరికరాలు శుద్ధిచేయాలి. 1980లకు ముందు చాలామంది పళ్లడాక్టర్లు ఉత్తచేతులతోనే పనిచేసేవారు. ఎయిడ్స్ వచ్చాకే ఆ అలవాటు మారింది. పరికరాలను ఆటోక్లేవులో పెడతారు. మీ ఇంట్లో పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కరు సూత్రమే. ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి పావుగంటలో హెచ్‌ఐవియే కాదు, దానికన్నా మొండిదైన కామెర్ల వైరస్ హెపటైటిస్-బి కూడా నిలవదు. ఇంత ఏర్పాటు అందరికోసం ఎలాగూ చేయాల్సివున్నప్పుడు, ఒక మనిషిని మాత్రం బయటికి పంపటంలో అర్థమేముంది? మన దేశంలో అలా పంపటం చట్టవిరుద్ధం కూడా. 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం హెచ్‌ఐవి ఉన్నదన్న కారణంగా ఎవరికీ వైద్యం నిరాకరించరాదు. బడిలో చోటు కూడా నిరాకరించరాదు.

ఇక హెచ్‌ఐవి ఉన్న మనిషి నోటిని ఎలా చూసుకోవాలి? పెద్ద రహస్యమేమీ లేదు. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. నోరు ఎండుతుంటే మాటిమాటికీ గుక్కెడు నీళ్లు తాగాలి. నోట్లో పుండ్లుంటే కారం, పులుపు, మరీ వేడివి కొన్నాళ్లు మాని, పెరుగన్నం, అరటిపండు, చల్లారిన జావ తీసుకోవాలి. గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనంగా ఉంటుంది. పుక్కిలించి ఉమ్మివేయాలి, మింగకూడదు. పొగాకు, గుట్కా దగ్గరికి రానీయకూడదు. పళ్లు నొప్పి పెట్టకపోయినా ఆరు నెలలకొకసారి పళ్లడాక్టరుకు చూపించుకోవాలి. నోటి పుండ్ల వల్ల మాత్ర గొంతు దిగనప్పుడు మాత్ర మానేయకుండా, మందులిచ్చే కేంద్రానికి ఆ రోజే వెళ్లి చెప్పాలి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న మళ్లీ "ఏదీ, నోరు తెరువు" అనే.